పాత జిప్సీ: 65 దాటితే కింద గర్ర్‌మంటోంది, యాక్సిలరేటర్ వదిలితే టక్ అంటోంది

1. ఘాట్‌రోడ్_గోపి (పాడేరు)

అందరికీ నమస్కారం. ఏడాది నుంచి ఇక్కడ చదువుతున్నాను గాని రాయడం ఇదే మొదలు. బండి చప్పుళ్లతో విసుగెత్తిపోయి రాస్తున్నాను.

2006 మారుతి జిప్సీ కింగ్, పెట్రోల్, గుడ్డ టాపు. ఆర్మీ వేలంలో పాడుకున్న ఒకాయన దగ్గర 2019లో కొన్నాను. మీటరు లక్షా 38 వేలు చూపిస్తోంది, అందులో నిజమెంతో ఆ మీటరుకే తెలియాలి. ముందు చక్రాలకి చేత్తో తిప్పే లాక్ హబ్‌లున్నాయి (చక్రాల్ని వాటి షాఫ్ట్‌కి కలిపేవి, విడదీసేవి). టైర్లు 205/70 ఆర్15, రెండేళ్లవి. కమాన్ కట్టలు మామూలువే, బండి ఎత్తు పెంచలేదు. పని అంటే కాఫీ తోటకి, సంతకి, వారానికోసారి మాడుగుల ఘాట్ దిగి అనకాపల్లికి.

బాధలు మూడు. 65 దాటగానే సీటు కింద గర్ర్‌మని సన్నటి అదురు. గేరు లీవరు పట్టుకుంటే చెయ్యి జివ్వుమంటుంది. 68 దగ్గర మరీ ఎక్కువ. స్టీరింగు మాత్రం నిమ్మళంగా ఉంటుంది. 75 దాటితే తగ్గినట్టే ఉంటుంది గాని అక్కడ ఎక్కువసేపు ఉండే ధైర్యం నాకు లేదు. రెండోది, ఘాట్‌లో యాక్సిలరేటర్ వదిలితే ఒక టక్, మళ్లీ తొక్కితే ఇంకో టక్. మూడోది 40 నుంచే హూ... అని, వెనక ఎక్కడో లారీ వస్తున్నట్టు మోత. ఈ మోత మాత్రం ఆరు నెలలుగా ఉంది, మెల్లగా పెరుగుతోంది.

ఇప్పటికి వీల్ బ్యాలెన్సింగ్ రెండుసార్లు చేయించాను. వెనక యాక్సిల్‌ని తిప్పే పొడుగు కడ్డీ, అదే ప్రొపెల్లర్ షాఫ్ట్‌కి రెండు చివర్లా ఉండే క్రాస్‌లు (వంగుతూ తిరిగే కీళ్లు) కొత్తవి వేయించాను. గుండుసూదంత తేడా లేదు. ఇప్పుడు మెకానిక్ క్రౌన్ (వెనక యాక్సిల్ మధ్యలోని పెద్ద పళ్లచక్రం) విప్పి చూడాలంటున్నాడు. విప్పమంటారా?

2. ఆటోనగర్_శీను (విజయవాడ)

బ్రదర్, క్రాస్‌లు మార్చినా పోలేదంటే క్రౌన్ పినియనే. టక్ అనేది బ్యాక్‌లాష్, అంటే పళ్ల మధ్య సందు. హూ అనేది క్రౌన్‌ని తిప్పే చిన్న పళ్లచక్రం, ఆ పినియన్ బేరింగ్. 22 ఏళ్లుగా ఇదే పని చేస్తున్నా. సెట్ మార్చేయండి, ప్రశాంతంగా ఉంటుంది.

3. మన్యం_బుల్లెట్ (చింతపల్లి)

గోపీ, ముందు క్రౌన్ హౌసింగులో 140 గేరు ఆయిల్ పోసి చూడు. చిక్కగా ఉంటుంది, చప్పుడు సగం తగ్గిపోతుంది. మా జీపుకి అలాగే లాగించేశాం.

4. గోదారి_రావు (రాజమండ్రి)

శీను గారూ, మీ అనుభవానికి దండం. కానీ మూడు చప్పుళ్లకీ ఒకే తాళంచెవి వెతుకుతున్నారేమో చూడండి. పాత బండిలో మూడు చప్పుళ్లంటే మూడు జబ్బులు కూడా కావచ్చు. ఒకటి ఆరు నెలల నాటిదని, మిగతా రెండూ తర్వాత వచ్చాయని ఆయనే చెబుతున్నాడు.

బుల్లెట్ తమ్ముడూ, చిక్క ఆయిల్ పోస్తే చప్పుడు తగ్గేది నీ చెవికి, అరుగుడు మాత్రం తగ్గదు. పూర్వం అమ్మకానికి పెట్టిన బళ్ల హౌసింగుల్లో రంపపు పొట్టు కలిపేవారు. కొన్నవాడు ఊరు చేరేదాకా చప్పుడు రాదు. అదీ ఇదీ ఒకటే తంతు.

గోపీ, నువ్వు ఇంకొక్క పార్టు కూడా కొనకు, క్రౌన్ అసలు ముట్టుకోనివ్వకు. పినియన్ నట్టు ఒకసారి కదిపితే లోపల బేరింగుల బిగువు మళ్లీ సెట్ చేసేవాడు దొరకాలి. ఆట ఉందని ఆ నట్టుని ఇంకొంచెం బిగించేవాళ్లుంటారు, వాళ్లని బండి దగ్గరికి రానివ్వకు.

హైవే మీదకి వెళ్లి ఇవి చూసి చెప్పు. ఆ అదురు నాలుగో గేరులో, అయిదో గేరులో ఒకే వేగానికి వస్తోందా? 72 దాకా లాగి, క్లచ్ తొక్కి, న్యూట్రల్ చేసి వదిలేస్తే ఇంజను ఐడిల్‌కి వచ్చాక కూడా 68 దగ్గర వస్తోందా? పక్కన ఒకరిని కూర్చోబెట్టుకో, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడే చెయ్యి.

ఇంకొకటి, ఇది అందరూ చెప్పడం మరిచిపోయే సంగతి. అదురు మొదలవడానికి ముందు బండికి ఏం పని జరిగింది?

5. ఘాట్‌రోడ్_గోపి (పాడేరు)

రావు గారూ, ఆదివారం అనకాపల్లి నుంచి తుని వైపు హైవే మీద చూశాను. మా బావమరిది పక్కన కూర్చుని రాసుకున్నాడు.

నాలుగులో, అయిదులో అదే 68. న్యూట్రల్‌లో జారవిడిచినా అదే 68, అంతే గట్టిగా. హూ మోత కూడా న్యూట్రల్‌లో అలాగే ఉంది. టక్ మాత్రం న్యూట్రల్‌లో లేదు.

ముందు ఏం పని జరిగిందంటే, రెండు నెలల కింద క్లచ్ ప్లేటు మార్చారు. గేర్‌బాక్సు దించారు. ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజను లాగుడుని ముందు, వెనక షాఫ్ట్‌లకి పంచే గేర్ల పెట్టె) ఆయిల్ కారుతోందని అదీ దించి సీల్ వేశారు. అది క్లచ్ పని కదా, దీనికి సంబంధం లేదనుకుని రాయలేదు. క్రాస్‌లు ఆ తర్వాత ఇంకో షాపులో మార్పించాను.

6. గోదారి_రావు (రాజమండ్రి)

సంబంధం లేదనుకున్నావా! సగం కథ దాచిపెట్టి మమ్మల్ని జాతకం చెప్పమన్నావన్నమాట.

సరే. గేరు మారినా వేగం మారలేదంటే ఇంజను, క్లచ్ పక్కకి తప్పుకున్నాయి. న్యూట్రల్‌లోనూ వస్తోందంటే ఇంజను మౌంట్లు కూడా తప్పుకున్నాయి. మిగిలింది చక్రాలతోపాటు తిరిగే సామాను. అంటే చక్రాలు, యాక్సిల్, క్రౌన్, వెనక షాఫ్ట్, ట్రాన్స్‌ఫర్ కేసు, గేర్‌బాక్సుకీ ట్రాన్స్‌ఫర్ కేసుకీ మధ్యనున్న పొట్టి షాఫ్ట్. జిప్సీలో ట్రాన్స్‌ఫర్ కేసు గేర్‌బాక్సుకి అంటుకుని ఉండదు, విడిగా వేలాడుతుంది. అందుకే ఈ పొట్టి షాఫ్ట్. నీ హబ్‌లు ఫ్రీలో ఉన్నాయి కాబట్టి ముందు షాఫ్ట్ దాదాపు తిరగదు, అనుమానితుల జాబితాలోంచి ప్రస్తుతానికి తీసేద్దాం.

7. ఫిజిక్స్_సుధ (వరంగల్)

నేను మెకానిక్‌ని కాదు. ఇంటర్ పిల్లలకి భౌతికశాస్త్రం చెబుతాను, మావారి పాత థార్ వల్ల ఈ గుంపులో పడ్డాను. కానీ గోపి గారి దగ్గర ఫోన్ ఉంది కదా, ఇది లెక్కతో తేల్చొచ్చు.

రావు గారు చెప్పిన ఒక్కో వస్తువూ ఒక్కో వేగంతో తిరుగుతుంది. అదురు సెకనుకి ఎన్నిసార్లు వస్తోందో తెలిస్తే ఎవరిదో తెలుస్తుంది. ఫోన్‌లో అదురు కొలిచే యాప్‌లు ఉచితంగానే దొరుకుతాయి. ఫోన్‌ని సీట్ల మధ్య ఫ్లోరు రేకుకి టేపుతో గట్టిగా అంటించండి. సీటు మీద పెడితే స్పాంజి సగం మింగేస్తుంది. వేగం బండి మీటరులో కాదు, జీపీఎస్‌లో చూడండి.

దానికి ముందు రెండు కొలతలు కావాలి. టైరు మీద సుద్దగీత పెట్టి బండిని పది చుట్లు తోసి ఎంత దూరం వచ్చిందో టేపుతో కొలవండి. తర్వాత వెనక ఒక్క చక్రం మాత్రం గాలిలోకి లేపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఆ చక్రాన్ని పది చుట్లు తిప్పితే షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. రెండో చక్రం నేల మీద కదలకుండా ఉండాలి. ఒక్క చక్రమే తిరిగినప్పుడు డిఫరెన్షియల్ (రెండు చక్రాల్నీ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్లు) వల్ల షాఫ్ట్ సగమే తిరుగుతుంది, కాబట్టి వచ్చిన సంఖ్యని రెట్టింపు చేయాలి.

8. ఆటోనగర్_శీను (విజయవాడ)

మేడమ్, క్రౌన్ నిష్పత్తికి ఇంత అక్కర్లేదు, హౌసింగ్ విప్పి పళ్లు లెక్కపెడితే సరి :) సరే సరే, విప్పొద్దన్నారుగా. గోపీ, జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరొద్దు. స్టాండు పెట్టు, ముందు చక్రాలకి రెండు వైపులా రాళ్లు పెట్టు.

9. ఘాట్‌రోడ్_గోపి (పాడేరు)

కొలిచాను. పది చుట్లకి 20 మీటర్ల 50 సెంటీమీటర్లు. పది చక్రం చుట్లకి షాఫ్ట్ పందొమ్మిదిన్నర చుట్లు, ఇంకో వెంట్రుకవాసి ఎక్కువ.

యాప్ కూడా నడిపాను. 68 దగ్గర ఒకే ఒక పెద్ద కొండలా లేచింది. 28 హెర్ట్జ్, అంటే సెకనుకి 28 సార్లు అని చూపించింది.

10. ఫిజిక్స్_సుధ (వరంగల్)

బాగా చేశారు. 68 కిలోమీటర్లంటే సెకనుకి 18.9 మీటర్లు. చక్రం చుట్టుకొలత 2.05 మీటర్లు కాబట్టి చక్రం సెకనుకి 9.2 చుట్లు తిరుగుతుంది. పందొమ్మిదిన్నరని రెట్టింపు చేసి పదితో భాగిస్తే నిష్పత్తి దాదాపు 3.9 వచ్చింది, అంటే వెనక షాఫ్ట్ సెకనుకి 36 చుట్లు. పొట్టి షాఫ్ట్‌కి ట్రాన్స్‌ఫర్ కేసు నిష్పత్తి కావాలి, అది నాకు తెలియదు.

28కి మాత్రం ఏదీ సరిపోవడం లేదే.

11. ఆటోనగర్_శీను (విజయవాడ)

ఎందుకు సరిపోదు మేడమ్? 9.2ని మూడుతో గుణిస్తే 27.6. టైరు! టైరు గుండ్రంగా లేక మూడు చోట్ల ఎత్తుగా ఉంటే చుట్టుకి మూడు దెబ్బలు పడతాయి. బ్యాలెన్సింగ్‌లో ఇది దొరకదు, ఎందుకంటే బరువు సమంగానే ఉంటుంది. క్రౌన్ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్చి చూడు గోపీ, పైసా ఖర్చు లేదు.

12. గోదారి_రావు (రాజమండ్రి)

శీను గారి మాటలో పస ఉంది. చూడు.

13. ఘాట్‌రోడ్_గోపి (పాడేరు)

మార్చి చూశాను. ఏ తేడా లేదు. అదే చోటు, అదే గర్ర్, అదే 28.

పైగా ఇంకో వింత. ఈసారి మిగతా వేగాల్లో కూడా రాసుకున్నాం. 60 దగ్గర 36 హెర్ట్జ్, 55 దగ్గర 42. వేగం తగ్గిస్తుంటే సంఖ్య పెరుగుతోందండీ! ఫోన్ పాడైందా? లేక బండికే పిచ్చెక్కిందా?

14. ఆదిలాబాద్_నరేష్ (ఆదిలాబాద్)

రివర్స్‌ల నడిపినవా అన్నా?

15. ఫిజిక్స్_సుధ (వరంగల్)

నరేష్ గారి జోకులోనే జవాబు ఉంది! గోపి గారూ, యాప్ సెట్టింగుల్లో సెకనుకి ఎన్నిసార్లు కొలుస్తోందో చూసి చెప్పండి. 100 అని ఉంటుందని నా అనుమానం.

పాత సినిమాల్లో గుర్రపుబండి జోరుగా పోతుంటే చక్రం మెల్లగా వెనక్కి తిరుగుతున్నట్టు కనిపిస్తుంది కదా. కెమెరా సెకనుకి 24 బొమ్మలే తీస్తుంది. రెండు బొమ్మల మధ్య ఒక ఆకు తన ముందున్న ఆకు చోటుకి చేరడానికి కాస్త తక్కువ పడితే, మన కంటికి అది వెనక్కి జరిగినట్టు ఉంటుంది. మీ ఫోన్ కూడా అదే చేసింది. సెకనుకి వందసార్లు చూసేవాడు 50 దాకానే నిజం చెప్పగలడు. అసలు అదురు 72 అయితే, 100లోంచి 72 తీసేసి 28 అని చూపిస్తాడు. 60 దగ్గర 36 అంటే నిజానికి 64. 55 దగ్గర 42 అంటే నిజానికి 58. ఇప్పుడు వేగంతోపాటు సంఖ్య కూడా తగ్గుతోంది చూడండి.

టైరు లెక్కకి 27.6 దగ్గరగా రావడం వట్టి కాకతాళీయం. శీను గారు పొరపడ్డారని అనను, ఆ సంఖ్య చూస్తే నేనైనా అదే అనేదాన్ని. ఒక్క వేగంలో కొలిచి ఆగిపోయి ఉంటే టైర్ల షాపుకి పంపేవాళ్లం.

16. ఘాట్‌రోడ్_గోపి (పాడేరు)

మేడమ్, మీకు నమస్కారం. సెట్టింగులో 100 అనే ఉంది. 'అత్యధికం' అని ఉన్నదానికి మార్చి మళ్లీ వెళ్లాను. 68 దగ్గర 72. 60 దగ్గర 64. 55 దగ్గర 58. పెట్రోలు మాత్రం బాగా తాగింది.

17. డల్లాస్_సమురాయ్ (టెక్సాస్)

ఆఫీసులో కూర్చుని చదువుతున్నా, రాయకుండా ఉండలేకపోతున్నా. నా దగ్గర 1988 సుజుకీ సమురాయ్ ఉంది. మన జిప్సీకి వరసకి అన్నదమ్ముడు. అక్కడ 1985లో జిప్సీ వచ్చింది, ఇక్కడ 1986 మోడలుగా ఇది వచ్చి 1995 దాకా అమ్మారు. కింద పడుకుని చూస్తే అమరిక అంతా ఒకటే.

సుధ గారు అడిగిన ట్రాన్స్‌ఫర్ నిష్పత్తి హైలో (మామూలు రోడ్డు మీద వాడే గేరులో) 1.409. చాలా బళ్లలో హై అంటే ఒకటికి ఒకటి నేరుగా పోతుంది, మన దాంట్లో హైలో కూడా గేర్ల మీదుగానే పోతుంది. కాబట్టి పొట్టి షాఫ్ట్ 36 ఇంటూ 1.409, సెకనుకి దాదాపు 51 చుట్లు. అది కాదు.

72 అంటే 36కి సరిగ్గా రెట్టింపు. వెనక షాఫ్ట్ ఒక చుట్టుకి రెండుసార్లు అదురుతోంది. షాఫ్ట్ వంగినా, బ్యాలెన్స్ తప్పినా చుట్టుకి ఒక్కసారే కొడుతుంది, అప్పుడు 36 కనిపించాలి. చుట్టుకి రెండుసార్లు అనగానే నాకు ముందు గుర్తొచ్చేది క్రాస్‌ల కోణం.

క్రాస్ వంపులో తిరిగేటప్పుడు అవతలి వైపు ఒకే వేగంతో తిరగదు. చుట్టుకి రెండుసార్లు ముందుకి ఉరుకుతుంది, రెండుసార్లు వెనకబడుతుంది. 10 డిగ్రీల వంపుంటే ఒకటిన్నర శాతం అటూ ఇటూ. రెండో చివర క్రాస్ సరిగ్గా దీనికి ఎదురు చేసి లెక్క సరిచేస్తుంది. అయితే దానికి రెండు షరతులు. రెండు చివర్లా వంపు సమానంగా ఉండాలి, షాఫ్ట్‌కి రెండు చివర్లా ఉన్న యోక్ చెవులు (క్రాస్‌ని పట్టుకునే రెండేసి కొమ్ములు) ఒకే వరసలో ఉండాలి. మన షాఫ్ట్ మధ్యలో జారే స్ప్లైన్ (ఒకదాంట్లో ఒకటి దూరే పళ్ల జోడు) ఉంటుంది. ఊడదీసి మళ్లీ దూర్చేటప్పుడు ఒక పన్ను పక్కకి పడితే చాలు, చెవులు వరస తప్పుతాయి. రెండో క్రాస్ సరిచేయాల్సిన చోట సగం చెడగొడుతుంది.

బండి కిందికి వెళ్లి ఆ చెవులు చూడండి. సాయంత్రం ఎండ పక్క నుంచి పడేటప్పుడు బాగా తెలుస్తుంది.

18. గోదారి_రావు (రాజమండ్రి)

బాగా చెప్పారు డల్లాస్ గారూ. గోపీ, కిందికి ఎలాగూ వెళ్తావు కాబట్టి టామీ బారు కూడా పట్టుకెళ్లు. ట్రాన్స్‌ఫర్ కేసుని ఛాసిస్‌కి పట్టుకునే చేతులు మూడుంటాయి, ఒక్కోదానికి రబ్బరు. ఒక్కో చేతి దగ్గరా బారు పెట్టి పైకి ఎత్తి చూడు. రబ్బరు సాగాలి గాని ఇనుము వేరుపడకూడదు. రబ్బరు చిరిగితే తొక్కినప్పుడల్లా, వదిలినప్పుడల్లా కేసు మొత్తం మెలి తిరిగి ఇనుముకి ఇనుము తగులుతుంది. నీ టక్ అదే అయ్యుండాలి. కేసు ఒక పక్కకి వాలితే క్రాస్‌ల కోణం కూడా మారుతుంది, అదీ ఆలోచించు.

19. ఆదిలాబాద్_నరేష్ (ఆదిలాబాద్)

అన్నా, ఇంకో ఉపాయం. వెనక షాఫ్ట్ మొత్తం విప్పేసి, హబ్‌లు లాక్ చేసి, 4హెచ్‌ల (నాలుగు చక్రాలూ లాగే హై గేరు) పెట్టి ముందు చక్రాల మీద నడిపి చూడు. అదురు పోయిందంటే దొంగ దొరికినట్టే. కానీ తారు రోడ్డు మీద 4హెచ్ వేయొద్దంటారు కదా, అదొక్కటే డౌట్.

20. గోదారి_రావు (రాజమండ్రి)

వేయొద్దనేది ముందు, వెనక రెండూ లాగేటప్పుడు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, వెనకవి తక్కువ. మధ్యలో డిఫరెన్షియల్ లేదు కాబట్టి ఆ తేడా ఎక్కడికీ పోలేక షాఫ్ట్‌లన్నీ మెలిపడతాయి. మట్టిలో అయితే టైరు కాస్త జారి ఊపిరి తీసుకుంటుంది, తారు మీద జారదు. వెనక షాఫ్ట్ విప్పేశాక లాగేది ముందువి మాత్రమే కాబట్టి ఆ గొడవ లేదు. అయితే ఈ పరీక్షలో ముందు షాఫ్ట్ కూడా తిరుగుతుంది, దానికేదైనా జబ్బుంటే కొత్తది మొదలైందని కంగారుపడొద్దు. పని తేలేదాకా అయిదారు కిలోమీటర్లు చాలు, ఘాట్ మాత్రం ఎక్కకు.

21. ఘాట్‌రోడ్_గోపి (పాడేరు)

దొరికింది! రెండూ దొరికాయి!!

చెవులు వరసలో లేవు. కిందనుంచి చూస్తే ముందు యోక్ నిలువుగా ఉంటే వెనకది కొంచెం ఒరిగి ఉంది. రెండు నెలలుగా పదిసార్లు బండి కింద దూరాను, చూశాను గాని కనపడలేదు. ఇది చూడాలని తెలిస్తే కదా.

అన్నిటికన్నా బాధ ఏంటంటే, క్రాస్‌లు మార్చినతను చాలా జాగ్రత్తపరుడు. విప్పే ముందు రెండు ముక్కల మీదా పెయింట్ గీత పెట్టుకుని, ఆ గీతకి సరిగ్గా కలిపి బిగించాడు. ఆ గీతలు ఇంకా ఉన్నాయి. అంటే క్లచ్ పని నాటి తప్పుని భద్రంగా దాచిపెట్టి మళ్లీ బిగించాడన్నమాట. అతన్నేమీ అనలేం.

ట్రాన్స్‌ఫర్ కేసు కుడి చేతి రబ్బరు నిలువునా చిరిగిపోయింది. బారు పెట్టి ఎత్తితే నోరు తెరిచింది. మూడు రబ్బర్లూ మార్చేద్దామనుకుంటున్నాను. షాఫ్ట్ నేనే విప్పొచ్చా, షాపుకి తీసుకెళ్లాలా?

22. ఆటోనగర్_శీను (విజయవాడ)

నువ్వే విప్పొచ్చు గోపీ, ఇది నా ఏరియా కాబట్టి చెబుతా విను. రెండు చివర్లా ఫ్లాంజ్‌లకి (యోక్‌ని బిగించే ఇనుప బిళ్లలకి) నాలుగేసి బోల్టులు. విప్పే ముందు ఫ్లాంజ్‌కీ యోక్‌కీ కలిపి గుర్తు పెట్టు. మధ్య స్ప్లైన్ దగ్గర ఇప్పుడున్న గీతల్ని మాత్రం థిన్నర్‌తో చెరిపేయ్, లేకపోతే ఇంకోడు వచ్చి మళ్లీ వాటికే కలుపుతాడు. ముక్కలు లాగి, పాత గ్రీజు కిరసనాయిలుతో కడిగి, స్ప్లైన్ పళ్లు వేలితో తడిమి చూడు. గట్టులాగా మెట్టు తగిలితే అరిగినట్టు.

చెవులు వరసలో పెట్టి దూర్చు. నేల మీద చదునైన చోట పెట్టి చూస్తే కంటికే తెలుస్తుంది. గ్రీజు కొట్టేటప్పుడు స్ప్లైన్‌లో నిండా కుక్కొద్దు, గుంతలో పడ్డప్పుడు షాఫ్ట్ లోపలికి జారడానికి చోటుండాలి. క్రాస్‌లకి మాత్రం నాలుగు కప్పుల్లోంచీ కొత్త గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టు. మూడింట్లోంచి వచ్చి నాలుగోది రాకపోతే ఆ కప్పు ఎండే ఉన్నట్టు. అదే కొన్నాళ్లకి మెల్లగా పోయేటప్పుడు పిచ్చుకలా కిచకిచమంటుంది.

బోల్టులు పాతవే వాడకు, స్ప్రింగ్ వాషర్లు కొత్తవి వెయ్యి. 100 కిలోమీటర్లు నడిపాక మళ్లీ ఒకసారి పానా పెట్టి చూడు.

ఒక మాట. కొన్ని వేరే బళ్లలో కంపెనీవాళ్లే చెవులు కావాలని వరస తప్పించి పెడతారు, రెండు చివర్ల వంపులు వేరుగా ఉంటాయి కాబట్టి. ఇది చదివి ఎవరూ వాళ్ల బండికి గుడ్డిగా వరస కలపొద్దు.

నా మొదటి సలహా విని ఉంటే క్రౌన్ సెట్టు, కూలీ, అంతా దండగయ్యేది. అందుకే ఈ పోస్టు కాస్త పొడుగు రాశా.

23. ఘాట్‌రోడ్_గోపి (పాడేరు)

ఆలస్యానికి క్షమించండి, కాఫీ పండ్ల కోత సమయం, కూలీలతో సరిపోయింది.

ముందు నరేష్ చెప్పినట్టు షాఫ్ట్ విప్పేసి ముందు చక్రాల మీద నడిపాను. 68 దగ్గర అదురు లేదు. తర్వాత చెవులు కలిపి, రబ్బర్లు మూడూ కొత్తవి వేసి బిగించాను. శీనన్న చెప్పినట్టు నాలుగు కప్పుల్లోంచీ గ్రీజు వచ్చేదాకా కొట్టాను, ఒకటి చాలాసేపు మొరాయించింది.

నిన్న హైవే మీద 80 దాకా వెళ్లాను. గర్ర్ లేదు. గేరు లీవరు కదలకుండా నిలబడితే బావమరిది దాన్ని పట్టుకుని నవ్వుతున్నాడు. యాప్‌లో 72 దగ్గర చిన్న మొలక కనిపిస్తోంది గాని ఒంటికి తెలియడం లేదు. టక్ కూడా పోయింది, ఎప్పుడైనా మొదటి గేరులో ఒక్కసారిగా వదిలితే చిన్నగా వినిపిస్తుంది.

హూ మోత మాత్రం అలాగే ఉంది. గర్ర్ పోయాక ఇంకా బాగా వినపడుతోంది, అదే చిక్కు.

24. గోదారి_రావు (రాజమండ్రి)

72 దగ్గర మొలక ఉంటుందిలే. వంపు ఉన్నాక కొంచెం మిగులుతుంది. ఆ టక్ కూడా, ఇన్నేళ్ల బండికి అన్ని పళ్ల మధ్యా కొంచెం కొంచెం సందు ఉంటుంది, వదిలేయ్.

ఇప్పుడు హూ సంగతి. ఖాళీ రోడ్డు మీద 50లో పోతూ మెల్లగా ఎడమకి, మెల్లగా కుడికి తిప్పు. ఎడమకి తిప్పినప్పుడు బరువు కుడి చక్రాల మీద పడుతుంది. అప్పుడు మోత పెరిగితే కుడి బేరింగ్, తగ్గితే ఎడమది. తిప్పుడుకి లొంగకుండా, యాక్సిలరేటర్ తొక్కితే ఒక రకం, వదిలితే ఇంకో రకం వస్తే అప్పుడు పినియన్ గురించి మాట్లాడుకుందాం. 20 కిలోమీటర్లు నడిపి, బ్రేకు ఎక్కువ వాడకుండా ఆపి, నాలుగు హబ్‌ల మీదా చెయ్యి పెట్టి చూడు.

25. ఘాట్‌రోడ్_గోపి (పాడేరు)

ఎడమకి తిప్పితే ఊళ... కుడికి తిప్పితే దాదాపు మౌనం. వెనక కుడి హబ్ మీద అరచెయ్యి మూడు సెకన్లు ఆనలేదు, మిగతావి గోరువెచ్చగా ఉన్నాయి. జాకీ మీద లేపి, కమాన్ కట్ట మీద వేళ్లు పెట్టి చక్రం తిప్పితే ఇసుక నలిగినట్టు వేళ్లకి తెలిసింది.

26. డల్లాస్_సమురాయ్ (టెక్సాస్)

అయితే అదే. వెనక యాక్సిల్ షాఫ్ట్ బయటికి లాగాలి. బేరింగ్‌ని పట్టి ఉంచే రింగు ప్రెస్‌లో ఎక్కించినది. సగం దాకా గ్రైండ్ చేసి ఉలితో పగలగొడితే ఊడుతుంది. గ్రైండర్ జారి షాఫ్ట్‌కి గాటు పడిందంటే కొత్త ఆయిల్ సీల్ కూడా అక్కడ్నుంచే కారుతుంది, బ్రేకు లైనింగు తడుస్తుంది. నాకు జరిగింది కాబట్టి చెబుతున్నా. ఇది మాత్రం ప్రెస్ ఉన్న షాపులోనే చేయించండి.

27. ఘాట్‌రోడ్_గోపి (పాడేరు)

అనకాపల్లిలో లేత్ ఉన్న షాపులో చేయించాను. పక్కన నిలబడి చూశాను, ఈసారి టీకి కూడా వెళ్లలేదు. పాత బేరింగ్ గోళీల మీద చిన్న చిన్న గుంటలు పడి ఉన్నాయి, ఇంటికి తెచ్చుకున్నాను. ఎడమది బాగానే ఉందన్నారు, ముట్టుకోలేదు.

ఇప్పుడు బండి ఎంత నిశ్శబ్దంగా ఉందంటే టాపు గుడ్డ కొట్టుకోవడం వినపడుతోంది. క్లచ్ మార్చిన మెకానిక్‌ని కూడా కలిశాను. "ఆ రోజు కరెంటు లేదు, సెల్ఫోన్ లైటులో బిగించాం" అన్నాడు. గొడవ పెట్టుకోలేదు, చెవుల సంగతి చూపించి వచ్చాను.

ఒక్క చిన్న కూత మిగిలింది. 50 దగ్గర సన్నగా, మధ్యలోంచి, తొక్కినప్పుడు మాత్రమే.

28. డల్లాస్_సమురాయ్ (టెక్సాస్)

అది ట్రాన్స్‌ఫర్ కేసు గేర్ల పాట. హైలో కూడా గేర్ల మీదే పోతుందన్నాను కదా. నాది ముప్పై ఏళ్లుగా పాడుతూనే ఉంది.

29. ఆటోనగర్_శీను (విజయవాడ)

పాట సరే. సీల్ మార్చినప్పుడు కేసు ఆయిల్ దించి ఉంటారు. మళ్లీ ఎంత పోశారో ఫిల్లర్ బోల్టు విప్పి వేలు పెట్టి చూశావా గోపీ?

30. ఘాట్‌రోడ్_గోపి (పాడేరు)

లేదన్నా. రేపు పొద్దున్నే చూస్తా.